కూవం నేర్పే పాఠం

(శ్రీహరికోట, సూళ్లూరుపేట చుట్టుపక్కల ఊళ్ల మహిళల కోసం ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మాట ఒక ఏటి గురించి. ఆ ఏటి పేరు కూవం. అది చెన్నై పట్నం నడుమ నుంచి పారి సముద్రంలో కలుస్తుంది. మీలో చాలామంది దాన్ని చూసే ఉంటారు. ఆసుపత్రికో, పెళ్లి బట్టలకో రైలెక్కి చెన్నై పోయినప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఉంటారు. "ఇదేదో మురికి కాలువ" అనుకుని ఉంటారు. అది కాలువ కాదు. ఏరు. ఒకప్పుడు జనం స్నానాలు చేసిన ఏరు.

"చెన్నైలో ఏరు చెడిపోతే శ్రీహరికోటకేం?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కోసం ఒక పాత నీటి దారి వెంట పోవాలి.

కట్టెల పడవల దారి

శ్రీహరికోట ఒక దీవి. తూర్పున సముద్రం. పడమట పులికాట్ సరస్సు. 1969లో రాకెట్ కేంద్రం కోసం ఈ దీవిని ఎంపిక చేశారు. అంతకు ముందు ఇది అడవి. యానాదులు ఈ అడవిని నమ్ముకుని బతికారు.

అప్పట్లో మద్రాసు పొయ్యిలకు ఇక్కడి కట్టెలు పోయేవి. లారీల్లో కాదు, పడవల్లో. ఆ పడవలు నడిచిన దారే బకింగ్‌హాం కాలువ. 1806లో మద్రాసు దగ్గర ఆ కాలువ తవ్వకం మొదలైంది. తర్వాత ఉత్తరానికి పొడిగించారు. 1876 నుంచి 1878 వరకు పెద్ద కరువు వచ్చింది. ఆ కరువులో కూలి జనం చేత మద్రాసు పట్నం లోపల కొంత భాగం తవ్వించారు. 1878లో అప్పటి గవర్నరు పేరు దానికి పెట్టారు. ఆంధ్రలో పెదగంజాం నుంచి తమిళనాడులో మరక్కాణం వరకు సుమారు 420 కిలోమీటర్ల కాలువ అది. పులికాట్‌ను దాటుకుని, శ్రీహరికోట పక్కగా దక్షిణానికి పోతుంది.

మద్రాసులో ఆ కాలువ సెంట్రల్ స్టేషన్ పక్క నుంచి పోయి ఒక ఏటిలో కలుస్తుంది. ఆ ఏరే కూవం. అంటే ఇక్కడి నీటికీ అక్కడి నీటికీ దారి ఉంది.

ఇంకో చుట్టరికం కూడా ఉంది. చిత్తూరు జిల్లా వైపు కొండల్లో పడిన వాన కుశస్థలి అనే ఏటిలోకి చేరుతుంది. తమిళులు దాన్ని కొసస్థలై అంటారు. తమిళనాడులో కేశవరం అనే చోట ఆనకట్ట ఉంది. అక్కడి నుంచి కుశస్థలి నీళ్లు కొన్ని కూవంలోకి వస్తాయి. కూవం పైన పారే నీళ్లలో చిత్తూరు కొండల వాన కూడా ఉందన్నమాట.

ఒకప్పటి కూవం

కూవం పొడవు సుమారు 72 కిలోమీటర్లు. తిరువళ్లూరు జిల్లాలో పల్లెల నడుమ మొదలవుతుంది. అక్కడ అది వానాకాలపు ఏరు. చెరువులు నిండితే పొర్లి పారుతుంది. చెన్నై చేరాక దాని రంగు మారిపోతుంది.

మొదటి నుంచీ ఇట్లా లేదు. 1734లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు కూవం వంపులో చింతాద్రిపేట అనే పేట కట్టారు. అక్కడికి నేతగాళ్లను పిలిపించారు. నూలు వడికేవాళ్లు, రంగులద్దేవాళ్లు, గుడ్డ ఉతికి చలువ చేసేవాళ్లు కూడా వచ్చారు. తెల్ల గుడ్డ ఉతకాలంటే ఎట్లాంటి నీళ్లు కావాలో మీకు వేరే చెప్పాలా? పచ్చయప్ప మొదలియార్ అని మద్రాసులో పెద్ద దాత ఉండేవాడు. ఆయన పేరుతో ఈనాటికీ కాలేజీ ఉంది. ఆయన 1794లో చనిపోయాడు. ఆయన కూవంలో స్నానం చేసి గుడికి పోయేవాడని చెప్పుకుంటారు. ఇప్పుడు ఆ నీళ్లలో కాలు పెట్టేవాళ్లే లేరు.

ఏరు ఎట్లా చచ్చింది?

ఎవరో ఒకరు విషం పోసి చంపలేదు. పట్నం పెరిగింది. ఇళ్లు పెరిగాయి. మురుగు పెరిగింది. మురుగును పట్టుకునే ఏర్పాటు మాత్రం అంత త్వరగా పెరగలేదు. పల్లంలో ఏరు ఉంది. అంతా అందులోకే పోయింది.

ఒక చిన్న లెక్క చేయండి. పలక మీదయినా సరే, వేళ్ల మీదయినా సరే.

పట్నంలో ఒక మనిషికి రోజుకు 135 లీటర్ల నీళ్లు కావాలని ప్రభుత్వ లెక్క. స్నానం, ఉతుకు, అంట్లు, మరుగుదొడ్డి, అన్నీ కలిపి. ఇందులో 100కి 80 వంతులు మురుగై బయటికి పోతుంది. అంటే 108 లీటర్లు. 12 లీటర్ల బిందెతో కొలిస్తే 9 బిందెలు. నలుగురున్న ఇంటికి 36 బిందెలు. 1000 ఇళ్లున్న పేటకు 36,000 బిందెలు. ఇది ఒక్క రోజుకే. ఇక చెన్నైలో ఎన్ని లక్షల ఇళ్లున్నాయో ఊహించుకోండి. దానికి తోడు కర్మాగారాల నీళ్లు, బజారు చెత్త, ప్లాస్టిక్.

ఇంత మురుగు పడితే నీళ్లకు ఏమవుతుంది? నీళ్లలో కూడా గాలి కలిసి ఉంటుంది. చేప ఆ గాలినే పీల్చి బతుకుతుంది. మురుగు నీళ్లలో పడి కుళ్లేటప్పుడు ఆ గాలిని వాడుకుంటుంది. కొంచెం మురుగు అయితే ఏరు తట్టుకుంటుంది. పారుతూ పారుతూ మళ్లీ గాలి కలుపుకుంటుంది. మురుగు మితి మీరితే గాలంతా అయిపోతుంది. ముందు చేపలు చస్తాయి. తర్వాత గాలి అక్కరలేని క్రిములు పెరుగుతాయి. అవి కుళ్లిన కోడిగుడ్డు కంపు పుట్టిస్తాయి. నీళ్లు నల్లబడతాయి. కూవం నలుపు, కూవం కంపు అట్లా వచ్చినవే.

మొగ మూసుకుంటే

మురుగు ఒక్కటే కాదు. రెండో కారణం కూడా ఉంది. దాన్ని సముద్రం పక్కన బతికే మీరు ఎవరికన్నా బాగా అర్థం చేసుకుంటారు.

ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. పేపర్లలో ముఖద్వారం అని రాస్తారు. రోజుకు రెండు సార్లు పోటు వస్తుంది, రెండు సార్లు పాటు వస్తుంది. పోటులో సముద్రపు నీళ్లు లోపలికి వస్తాయి. పాటులో లోపలి నీళ్లు బయటికి పోతాయి. ఇది ఏటికి ఊపిరి లాంటిది. మద్రాసు తీరంలో పోటు ఎత్తు తక్కువ. కాబట్టి మొగ తెరుచుకుని ఉండటం మరీ ముఖ్యం.

1870లలో మద్రాసులో ఓడరేవు కట్టడం మొదలుపెట్టారు. సముద్రంలోకి రాతి గోడలు వేశారు. ఈ తీరం వెంట ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. గోడలు ఆ ఇసుకకు అడ్డం పడ్డాయి. ఓడరేవుకు దక్షిణాన ఇసుక పేరుకుంది. మెరీనా బీచి అంత వెడల్పు కావడానికి కారణం ఇదే. చెన్నై పోయినవాళ్లు ఆ ఇసుకలో కూర్చుని సెనగలు తింటారు. కానీ ఆ పక్కనే కూవం మొగ. ఇసుక దాన్ని కూడా పూడ్చింది. తవ్వుతూ ఉంటారు. మళ్లీ పూడుతుంది.

పైనుంచి మురుగు వస్తోంది. కింద మొగ మూసుకుంటోంది. ఇక ఏరు ఎట్లా బతుకుతుంది?

కష్టం ఎవరి మీద పడింది?

మురుగు అందరిదీ. పెద్ద మేడలదీ, గుడిసెలదీ. కష్టం మాత్రం అందరికీ సమానంగా రాలేదు.

ఏటి ఒడ్డున గుడిసెలు వేసుకున్నవాళ్లు కూలి జనం. దోమలు వాళ్లను కుట్టాయి. వరద వస్తే వాళ్ల గుడిసెలే మునిగాయి. ఏటిని బాగు చేస్తామని పని మొదలుపెట్టినప్పుడు ముందు లేపింది కూడా వాళ్లనే. వేలాది కుటుంబాలను పెరుంబాక్కం లాంటి దూరపు చోట్లకు పంపారు. అక్కడ పక్కా ఇల్లు ఇచ్చారు. కానీ ఆ ఆడవాళ్లు పాచిపని చేసుకునే ఇళ్లు పట్నంలో ఉన్నాయి. బస్సు చార్జీలకే కూలి పోయింది. చాలామందికి పని పోయింది. పిల్లల బడి మారింది.

మురుగు కాలువల్లో, గుంతల్లో దిగి శుభ్రం చేసినవాళ్లు ఇంకొకరు. చెన్నై పారిశుద్ధ్య కార్మికుల్లో తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్ల తాత ముత్తాతలు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి బతుకు కోసం పోయినవాళ్లు. మురుగు గుంతలో విషవాయువు ఉంటుంది. దిగినవాడు స్పృహ తప్పుతాడు. పైకి రాకుండానే పోయినవాళ్లు ఎందరో. మనిషిని అట్లా దించకూడదని 2013లో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక కూడా చావులు జరిగాయి.

డబ్బు పోస్తే సరిపోతుందా?

కూవాన్ని బాగు చేయాలని ఎవరూ అనుకోలేదని కాదు. 1967లో అణ్ణాదురై ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పెద్ద పథకం మొదలుపెట్టారు. ఏటిలో పడవలు తిరగాలని ఒడ్డున రేవులు కట్టారు. 1970లలో పడవలు కొన్నాళ్లు తిరిగాయి. మురుగు ఆగలేదు. పడవలు ఆగిపోయాయి. 2015లో మరో పథకానికి 600 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేశారు. ఒడ్డులు సరిచేశారు. కంచెలు వేశారు. చెట్లు నాటారు. పైపులు వేశారు. అయినా నీళ్లు ఇంకా స్నానానికి పనికొచ్చేలా కాలేదు.

ఎందుకు? ఒడ్డు అందంగా చేస్తే ఏరు బాగుపడదు. ఏటిలో పడే ప్రతి మురుగు తూమునూ ఆపాలి. ఆ మురుగును శుద్ధి చేయాలి. ఒక్క తూము వదిలినా అది చేసిన పనిని చెడగొడుతుంది. ఇంట్లో చిల్లు కుండకు పూలు చుట్టి పెడితే నీళ్లు నిలుస్తాయా?

మురుగును శుద్ధి చేస్తే అది మళ్లీ పనికొస్తుంది. దీనికి సాక్ష్యం కూవం ఒడ్డునే ఉంది. కోయంబేడులో 2019లో ఒక కేంద్రం మొదలైంది. రోజుకు 4.5 కోట్ల లీటర్ల మురుగును బాగా శుద్ధి చేసే శక్తి దానికి ఉంది. ఆ నీళ్లను శ్రీపెరుంబుదూరు వైపు ఫ్యాక్టరీలకు అమ్ముతారు. అంత మేరకు మంచినీళ్లు జనానికి మిగులుతాయి.

చచ్చిన ఏరు మళ్లీ బతికిన చోటు కూడా ఉంది. లండన్ పట్నంలో థేమ్స్ అనే ఏరు ఉంది. 1858 ఎండాకాలంలో దాని కంపుకు పార్లమెంటులో కూర్చోవడం కష్టమైంది. కిటికీలకు సున్నపు మందు నీళ్లలో తడిపిన గుడ్డలు కట్టారు. కంపు పెద్దవాళ్ల ముక్కుకు తగిలాక పెద్ద మురుగు సొరంగాలు కట్టించారు. అయినా పట్నం పెరిగి ఏరు మళ్లీ చెడింది. 1957లో ఆ ఏటిలో జీవం లేదని శాస్త్రజ్ఞులు చెప్పారు. తర్వాత శుద్ధి కేంద్రాలు బాగు చేశారు. 1974లో సాల్మన్ అనే చేప మళ్లీ కనిపించింది. అది మంచి నీళ్లలోనే బతికే చేప. అంటే చచ్చిన ఏరు బతకగలదు. కానీ బోలెడు ఏళ్లు, బోలెడు డబ్బు కావాలి.

అందుకే ఏరు చావక ముందే కాపాడుకోవడం చవక.

కాళంగి, పులికాట్

ఇప్పుడు దగ్గరికి రండి. సూళ్లూరుపేట పక్కన కాళంగి పారుతుంది. దాని ఒడ్డునే చెంగాళమ్మ తల్లి గుడి. ఆ నీళ్లు పులికాట్‌లో కలుస్తాయి. దక్షిణం నుంచి ఆరణి ఏరు వస్తుంది. ఆ ఏరు చిత్తూరు వైపు కొండల్లో పుట్టి, సురుటుపల్లి మీదుగా తమిళనాడులోకి పోయి, పులికాట్ చేరుతుంది. ఏటిలో ఏది వేస్తే అది సరస్సులోకే వస్తుంది. ఏరు అయితే కొంచెం పారి శుభ్రపడుతుంది. సరస్సుకు ఆ వీలు తక్కువ. పైగా ఇది లోతు లేని సరస్సు. ఎండాకాలంలో ఉత్తర భాగం చాలావరకు ఎండిపోతుంది.

పులికాట్ దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. మొదటిది ఒడిశాలోని చిలక. చలికాలంలో ఫ్లెమింగో పక్షులు ఇక్కడికి వస్తాయి. వాటిని చూడటానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. పక్షి ఊరికే రాదు. తిండి ఉంటేనే వస్తుంది. రొయ్య, పీత, చేప ఉంటేనే పట్టపువాళ్లకూ యానాదులకూ బతుకు. మోకాలి లోతు నీళ్లలో చేత్తో తడిమి రొయ్యలు ఏరే ఆడవాళ్లకు పడవ లేదు, వల లేదు. వాళ్ల పెట్టుబడి ఆ నీళ్లే. నీళ్లు చెడితే వాళ్లకు కూలి పోయినట్టే.

ఇక్కడ కూడా మొగల కష్టం ఉంది. పులికాట్‌కు సముద్రంతో మూడు మొగలున్నాయి. తూపిలిపాళెం దగ్గర ఒకటి, రాయదొరువు దగ్గర ఒకటి, తమిళనాడులో పళవేర్కాడు దగ్గర ఒకటి. ఇసుక మేటలు వేసి మొగలు పూడుతుంటాయి. పూడిక తీయించమని ఇక్కడి మత్స్యకారులు ఏళ్ల తరబడి అడిగారు. కూవం కథ విన్నాక వాళ్ల మాట విలువ తెలుస్తుంది. మొగ తెరిస్తే రొయ్య పిల్ల లోపలికి వస్తుంది. చెడు నీళ్లు బయటికి పోతాయి.

ప్రమాదం ఎంతో దూరంలో కూడా లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చింది. ఆ వరదలో చెన్నైకి ఉత్తరాన ఎన్నూరు దగ్గర ముడి నూనె నీళ్లలో కలిసింది. పడవలు, వలలు నల్ల జిడ్డయ్యాయి. అక్కడి మత్స్యకారులకు చాలా రోజులు వేట లేదు. ఆ ఎన్నూరు కూడా బకింగ్‌హాం కాలువ మీదనే ఉంది.

చదువు వచ్చింది, ఏం చేయొచ్చు?

"ఆడవాళ్లు చెత్త వేయకుంటే చాలు, ఏరు బాగుపడుతుంది" అని కొందరు అంటారు. ఆ మాట సగమే నిజం. ప్లాస్టిక్ సంచి ఏటిలో వేయకపోవడం మంచిదే. పెరటి నీళ్లకు ఇంకుడు గుంత తవ్వుకోవడం మంచిదే. కానీ ఊరి మురుగును శుద్ధి చేయడం ఒక ఇంటి పని కాదు. అది మునిసిపాలిటీ పని, పంచాయతీ పని, ప్రభుత్వం పని. నీళ్లను పాడు చేయకూడదని 1974 నుంచి చట్టం ఉంది. ఆ పని చేయించుకోవడమే ప్రజల పని.

మొదట మీ వీధి కాలువ ఎక్కడికి పోతుందో నడిచి చూడండి. నలుగురు కలిసి పోండి. ఎక్కడ ఏటిలో పడుతోందో గుర్తు పెట్టుకోండి. పుస్తకంలో రాయండి. తేదీ వేయండి.

తర్వాత గ్రామసభలో అడగండి. జవాబు రాకుంటే కాగితం పెట్టండి. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. తెల్ల కాగితం మీద ప్రశ్న రాసి ఇవ్వొచ్చు. గ్రామ స్థాయిలో దానికి రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు చెప్పాలి. కాగితం ఇట్లా రాయొచ్చు.

"అయ్యా! మా పేట మురుగు నీళ్లు ఏ కాలువ ద్వారా ఎక్కడికి పోతున్నాయి? ఏటిలో కలిసే ముందు వాటిని శుద్ధి చేస్తున్నారా? చేయకుంటే, ఎప్పటిలోగా చేస్తారు? అందుకు ఈ సంవత్సరం ఎంత డబ్బు కేటాయించారు? తెలియజేయవలసిందిగా కోరుతున్నాము."

నాలుగే ప్రశ్నలు. కింద సంతకాలు. వేలిముద్ర కాదు, సంతకాలు.

సంతకానికి బలం ఉందా అని అనుమానం వద్దు. ఇక్కడి ఊళ్లు 2022 వరకు నెల్లూరు జిల్లాలోనివే. ఆ జిల్లాలోనే దూబగుంట ఉంది. 1990ల మొదట్లో అక్కడి ఆడవాళ్లు రాత్రి బడికి పోయారు. సారా వల్ల ఒక ఇల్లు చెడిన కథను పాఠంలో చదివారు. "ఇది మా కథే" అన్నారు. నలుగురూ కలిసి పోయి సారా అంగడి మూయించారు. ఆ మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఒక పాఠం అంత పని చేసింది.

కూవం కూడా ఒక పాఠమే. చెన్నై దాన్ని ఆలస్యంగా చదివింది. కాళంగి ఇంకా చిన్న ఏరు. దానిలో పడే తూములను ఇప్పుడైతే లెక్కపెట్టొచ్చు. లెక్కపెట్టగలిగినప్పుడే వాటిని ఆపించాలి.

ఆలోచించండి

1. మీ ఇంటి నుంచి రోజుకు ఎన్ని బిందెల మురుగు పోతుంది? లెక్క కట్టి రాయండి.
2. మీ వీధి కాలువ చివరికి ఏ చెరువులో, ఏ ఏటిలో కలుస్తుంది?
3. మొగ పూడితే రొయ్యలు ఎందుకు తగ్గుతాయి? మీ ఊరి పెద్దవాళ్లను అడిగి చెప్పండి.
4. ఏటిని బాగు చేసేటప్పుడు ఒడ్డున ఉన్న పేదవాళ్లకు ఎట్లా న్యాయం చేయాలి? నలుగురూ కూర్చుని మాట్లాడండి.

కొత్త మాటలు

మొగ: ఏరు సముద్రంలో కలిసే చోటు.
పోటు, పాటు: సముద్రపు నీళ్లు పెరగడం, తగ్గడం.
శుద్ధి: మురికి తీసి శుభ్రం చేయడం.
మేట: పేరుకున్న ఇసుక దిబ్బ.
రుసుము: కట్టవలసిన డబ్బు.